తిన్న ఖనిజాలు ఒంటికి పట్టడానికి చేప కొలాజెన్ పెప్టైడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు కొలాజెన్ డబ్బాల మీద చర్మం, జుట్టు, కీళ్ళ మాటే ఉండేది. ఇప్పుడు "కాల్షియం, ఐరన్ బాగా ఒంటికి పడతాయి" అన్న మాట కూడా చేరింది. దాంతో అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

చేప కొలాజెన్ పెప్టైడ్లంటే ఏమిటి? చేపనూనె లాంటిదేనా?

కాదు. చేపనూనె కొవ్వు, ఇది ప్రొటీన్. చేప చర్మంలో, పొలుసుల్లో, ముళ్ళలో ఉండే కొలాజెన్‌ను వేడినీటిలో కరిగిస్తే జెలటిన్ వస్తుంది. ఆ జెలటిన్‌ను ఎంజైములతో చిన్న ముక్కలు చేస్తే పెప్టైడ్లు. అసలు కొలాజెన్ అణువు బరువు సుమారు 3 లక్షల డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం). మార్కెట్లో దొరికే పొడిలో ముక్కలు ఎక్కువగా 2,000–5,000 డాల్టన్ల మధ్య ఉంటాయి. అందుకే చల్లటి నీళ్ళలో కూడా కరుగుతుంది.

"పొలుసుల నుంచి తీసింది కాబట్టి కాల్షియం దండిగా ఉంటుంది" అనుకునేవాళ్ళు చాలామంది. నిజమే, ఎండిన పొలుసు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేటే. కానీ కొలాజెన్ తీసే ముందు దాన్ని పలచటి ఆమ్లంతో కడిగేస్తారు. విడిగా కాల్షియం కలపని మామూలు కొలాజెన్ పొడిలో చెప్పుకోదగ్గ కాల్షియం మిగలదు.

ఖనిజాలే లేని పొడి ఖనిజాలను ఒంటికి ఎలా పట్టిస్తుంది?

కాల్షియం, ఐరన్, జింకు పేగు గోడ దాటి లోపలికి వెళ్ళాలంటే ముందు నీళ్ళలో కరిగి ఉండాలి. కడుపులోని ఆమ్లంలో ఇవి బాగానే కరుగుతాయి. చిక్కు అక్కడ దాటాక వస్తుంది. చిన్నపేగు మొదట్లో ఆమ్లం విరిగిపోయి, పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత; 7 అంటే పులుపు లేనట్టే) 6–7 దగ్గరకు చేరుతుంది. అప్పుడు కాల్షియం అక్కడున్న ఫాస్ఫేటుతో, పప్పులు, చిరుధాన్యాల నుంచి వచ్చిన ఫైటేటుతో కలిసి, బిందె అడుగున సున్నపు పెచ్చు పేరినట్టు గట్టిపడుతుంది. ఐరన్, జింకులదీ దాదాపు ఇదే కథ. అలా గట్టిపడింది మలంలో పోవాల్సిందే.

పెప్టైడ్ ముక్కల్లో ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు ఉంటాయి. వాటి కొసలు రుణావేశంతో ఉండి, ధనావేశం ఉన్న ఖనిజ అయానులను వదులుగా పట్టుకుంటాయి. అలా పట్టుకున్నంతసేపు ఫాస్ఫేటుకు, ఫైటేటుకు అవి చిక్కవు, కరిగిన స్థితిలోనే పేగు గోడ దాకా చేరతాయి. పాలు అరిగినప్పుడు కేసీన్ నుంచి వచ్చే ఫాస్ఫోపెప్టైడ్లు చేసే పనీ ఇదే.

ఒక్క మాట గుర్తుంచుకోండి: పెప్టైడ్లు ఖనిజాన్ని పుట్టించవు, పళ్ళెంలో ఉన్నదాన్ని జారిపోకుండా చూస్తాయి. పళ్ళెంలోనే లేకపోతే కాపాడటానికి ఏమీ లేదు.

దీనికి గట్టి రుజువులు ఉన్నాయా?

ప్రయోగశాలలో ఉన్నాయి. అలాస్కా పొలాక్ చేప చర్మం నుంచి, తిలాపియా పొలుసుల నుంచి తీసిన పెప్టైడ్లు ఐరన్, కాల్షియంలను పట్టుకుంటాయని పరీక్షనాళికల్లోనూ, పేగు కణాల నమూనాల్లోనూ చూపించారు. ఎలుకల మీద చేసిన పనీ అదే దిశగా ఉంది.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి రుజువు పలచబడుతుంది. మెనోపాజ్ దాటిన స్త్రీలకు రోజుకు 5 గ్రాముల కొలాజెన్ పెప్టైడ్లు 12 నెలలు ఇస్తే ఎముక సాంద్రత మెరుగుపడిందని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అంతకుముందు 2015లో, కొలాజెన్‌కు కట్టిన కాల్షియం (5 గ్రాముల పొడిలో 500 మి.గ్రా. కాల్షియం, దానితో విటమిన్ డి) తీసుకున్న స్త్రీలలో ఎముక నష్టం, ఉత్త కాల్షియం, విటమిన్ డి తీసుకున్నవాళ్ళకంటే తక్కువగా ఉందని తేలింది. రెండూ కొలిచింది ఎముక సాంద్రతను. పేగులో ఎంత కాల్షియం పట్టిందన్నది వేరే ప్రశ్న. కొలాజెన్ ఎముక కణాల మీద నేరుగా పనిచేసినా ఇదే ఫలితం రావచ్చు. కాబట్టి "కాల్షియం ఇన్ని రెట్లు ఎక్కువ పడుతుంది" అని అంకె వేసి అమ్మేవాళ్ళను నమ్మకండి.

చేపకూర తింటే ఐరన్ బాగా పడుతుందంటారు. ఇదీ చేపే కదా?

చేప, మాంసం కలిపి తింటే గింజల్లోని ఐరన్ ఎక్కువగా ఒంటికి పడుతుందన్నది 1968 నాటికే మనుషుల మీద చూపించిన సంగతి. అయితే ఆ గుణం కండది. కండ ప్రొటీన్లు అరిగినప్పుడు వచ్చే, సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉన్న పెప్టైడ్లకు అందులో పెద్ద పాత్ర ఉందని భావిస్తారు. చర్మం, పొలుసుల కొలాజెన్‌లో సిస్టీన్ దాదాపు ఉండదు. చేప ముక్కకున్న పేరును కొలాజెన్ పొడికి అంటగట్టడం సరికాదు. ఐరన్ కోసమే అయితే రెండు ముక్కల చేపల పులుసు ఈ పొడికంటే నమ్మదగ్గది. 

మేం శాకాహారులం. మొక్కల కొలాజెన్ దొరుకుతుందా?

దొరకదు. కొలాజెన్ జంతువుల్లోనే ఉంటుంది. "వెజ్ కొలాజెన్" పేరుతో అమ్మేవి విటమిన్ సి, అమైనో ఆమ్లాల మిశ్రమాలు. వాటికి ఖనిజాలను పట్టుకునే ఈ గుణాన్ని ఆపాదించకూడదు. పాలు, పెరుగు తీసుకునేవాళ్ళకు కేసీన్ పెప్టైడ్లు ఎలాగూ అందుతున్నాయి.

## కొనేటప్పుడు

ఉత్త కొలాజెన్ పెప్టైడ్ పొడి, "కాల్షియం పెప్టైడ్" పొడి: రెండిట్లో ఏది తీసుకోవాలి?

ఇవి రెండు వేరు వేరు సరుకులు. మొదటిదాంట్లో ఖనిజం లేదు, భోజనంలోని ఖనిజంతో కలిసి పనిచేయాలి. రెండోదాంట్లో కాల్షియమో, ఐరనో, జింకో ముందే కట్టి ఉంటుంది.

ఉత్త పొడి ఎంత మోయగలదో చిన్న లెక్క వేద్దాం. సగటున 3,000 డాల్టన్లున్న పొడి 5 గ్రాములు తీసుకుని, ఒక్కో ముక్క ఒక్కో అయానును పట్టుకుందనుకుంటే, పట్టేది 67 మి.గ్రా. కాల్షియం. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పాయి. అంటే కాల్షియం విషయంలో ఇది చిన్న సాయమే. ముక్కలు 1,000 డాల్టన్లయితే అదే 5 గ్రాములు 200 మి.గ్రా. దాకా వెళ్తుంది. చిన్న ముక్కల పొడికి ఎక్కువ ధర పలకడానికి ఇదొక కారణం. ఐరన్ సంగతి వేరు: స్త్రీలకు రోజుకు కావలసింది 29 మి.గ్రా., 3,000 డాల్టన్ల లెక్కలోనే 93 మి.గ్రా. పట్టే చోటుంది. ఇవి కాగితం మీది అంకెలు. కడుపు ఆమ్లంలో పట్టు వదులవుతుంది, ఎంజైములు ముక్కలను ఇంకా కోస్తాయి.

రోజూ పాలు, పెరుగు, రాగి తినేవాళ్ళకు ఉత్త పొడి చాలు. తిండిలోనే కాల్షియం తక్కువైనవాళ్ళు ఉత్త పొడి కొని లాభం లేదు.

లేబుల్ మీద ఏమేం చూడాలి?

ముందు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) 14 అంకెల లైసెన్సు నంబరు, మాంసాహారమని తెలిపే గోధుమరంగు త్రికోణం గుర్తు, "చేప" అన్న ఎలర్జీ హెచ్చరిక. చేప కొలాజెన్ అని పేరు పెట్టి పచ్చ గుర్తు వేసి ఉంటే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి.

తర్వాత సగటు అణుభారం. "లో మాలిక్యులర్ వెయిట్" అన్న మాట ఒక్కటే సరిపోదు, డాల్టన్లలో అంకె ఉండాలి. 100 గ్రాముల్లో ప్రొటీన్ 90 గ్రాముల పైన ఉండటం మంచి పొడికి మామూలే. అది 100 దాటితే లెక్క తప్పినట్టు. ప్రొటీన్‌ను నైట్రోజన్ కొలిచి లెక్కగడతారు. కొలాజెన్‌లో నైట్రోజన్ ఎక్కువ కాబట్టి దాన్ని 5.55తో గుణించాలి, మామూలు 6.25తో గుణిస్తే అలా పెరిగి కనబడుతుంది.

ఖనిజం కట్టిన పొడి అయితే అసలు ఖనిజం ఎంతో చూడండి. 1,250 మి.గ్రా. కాల్షియం కార్బొనేటులో కాల్షియం 500 మి.గ్రా.లే. సీసం, పాదరసం, కాడ్మియం, ఆర్సెనిక్ పరీక్షల నివేదిక అడిగితే ఇచ్చే కంపెనీకి మొదటి చోటు ఇవ్వండి.

"మెరైన్ కొలాజెన్" అంటే సముద్రపు చేపేనా?

అన్నిసార్లూ కాదు. తిలాపియా లాంటి మంచినీటి చేపల నుంచి తీసిందీ ఆ పేరుతోనే అమ్ముతారు. ఖనిజాల విషయంలో దాంతో పెద్ద తేడా లేదు. రెండూ ఒకటో రకం కొలాజెన్లే. తేడా తెచ్చేవి ముక్కల పరిమాణం, వాడిన ఎంజైము.

చేపల మార్కెట్లో పొలుసులు ఊరికే పారేస్తారు. ఇంట్లో ఉడకబెట్టి చేసుకోవచ్చా?

శీలావతి, బొచ్చె పొలుసులు మన దగ్గర గుట్టలుగా దొరుకుతాయి, ఆ ఆలోచన రావడం సహజమే. కానీ ఇంట్లో గంటలకొద్దీ ఉడకబెట్టినా వచ్చేది జెలటిన్, పెప్టైడ్లు కావు. చల్లారితే జెల్లీలా గడ్డకట్టడమే దానికి గుర్తు. కర్మాగారంలో ఆమ్లంతో ఖనిజం తీసి, జెలటిన్ చేసి, ఎంజైమును దానికి తగిన వేడి, పీహెచ్ దగ్గర గంటలపాటు పనిచేయించి, సమయానికి వేడిచేసి ఆపి, సన్నటి పొరలతో వడకట్టి, స్ప్రే డ్రయర్‌లో ఆరబెడతారు. ఎంజైమును ఆపడం ఆలస్యమైతే పొడి చేదెక్కుతుంది. పైగా మార్కెట్లో నేలమీద పడిన పొలుసుల శుభ్రత ఎవరి చేతిలోనూ లేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపల వ్యర్థాల నుంచి కొలాజెన్ పెప్టైడ్లు తీసే విధానాలపై పనిచేసింది. దీన్ని వ్యాపారంగా చేయాలనుకునేవాళ్ళు అటు వెళ్ళడం మేలు.

జెలటిన్ కలిపి అమ్ముతున్నారేమో. ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

10 గ్రాముల పొడిని 100 మి.లీ. వేడినీళ్ళలో పూర్తిగా కరిగించి, మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున గ్లాసు వంచితే నీళ్ళలా కదలాలి. కదలకుండా గట్టిగా నిలిస్తే అందులో జెలటిన్ ఉంది. కొద్దిగా చిక్కబడితే ముక్కలు సరిగా కోయలేదని అర్థం. మైదా, గంజిపొడి కలిపారన్న అనుమానముంటే, చల్లారిన ద్రావణంలో ఒక చుక్క టింక్చర్ అయొడిన్ వేయండి. నీలి నలుపు రంగు రాకూడదు.

## వాడేటప్పుడు

రోజుకు ఎంత తీసుకోవాలి?

ఖనిజాలు ఒంటికి పట్టడం కోసమని ఖాయం చేసిన మోతాదు లేదు. ఎముకల మీద జరిగిన అధ్యయనాల్లో వాడిన 5 గ్రాములతో మొదలుపెట్టడం సబబు. 10 గ్రాములు దాటించాల్సిన పని లేదు. చెంచా లెక్క నమ్మకండి. కొన్ని పొడులు బరువుగా, కొన్ని దూదిలా ఉంటాయి. ఒక్కసారి వంటింటి కాటా మీద తూచి, మీ చెంచాలో ఎంత పడుతుందో చూసుకోండి. రోజువారీ ప్రొటీన్ లెక్కలో దీన్ని కలపొద్దు. ఒంటికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం లేని ప్రొటీన్ ఇది, పప్పుకో గుడ్డుకో బదులు కాదు.

పరగడుపున తాగమని డబ్బా మీద ఉంది. అలాగే తాగాలా?

ఖనిజాల కోసమైతే వద్దు. పెప్టైడు, ఖనిజం రెండూ ఒకే సమయంలో పేగులో ఉంటేనే ఒకదాన్నొకటి పట్టుకునేది. పొద్దున్నే నీళ్ళలో కలుపుకుని తాగేసి, ఒంటిగంటకు పెరుగన్నం తింటే అప్పటికి ఆ పెప్టైడ్లు అరిగిపోయి ఉంటాయి. రోజులో ఖనిజం ఎక్కువగా ఉండే పూట ఏదో చూసుకుని, ఆ భోజనంలోనే కలపండి. ఈ పొడి పనిచేయలేదనేవాళ్ళలో ఎక్కువమంది తప్పుతున్నది ఇక్కడే.

వేడి చారులో, పప్పులో కలిపితే చెడిపోతుందా?

చెడిపోదు. తయారీలోనే బాగా వేడి తగిలిన సరుకు ఇది. పొయ్యి దించాక కలిపితే అడుగంటదు. బెల్లం పాకంలాంటి వాటిలో వేసి మరిగిస్తే మాత్రం రంగు ముదిరి, వాసన మారుతుంది.

టీలో కలుపుకోవచ్చా?

వద్దు. టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేస్తాయి, ప్రొటీన్ ముక్కలకూ అతుక్కుంటాయి. భోజనానికి, టీకి మధ్య గంటైనా ఎడం ఉంచండి. కాఫీకీ ఇదే వర్తిస్తుంది.

రాగి జావలో కలిపితే కాల్షియం ఎక్కువ పడుతుందా? ఎలా చేయాలి?

ఈ పొడికి మన వంటల్లో అన్నిటికంటే తగిన చోటు ఇదే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మి.గ్రా. కాల్షియం ఉంటుంది, దాంతోపాటు ఫైటేటూ ఉంటుంది. ముందు ఫైటేటును తగ్గించి, ఆ తర్వాత పెప్టైడు కలపాలి. వరుస మారిస్తే సగం పని పెప్టైడు మీద పడుతుంది.

రాగులు కడిగి 12 గంటలు నానబెట్టండి. నీళ్ళు వంచి, తడి పలచటి గుడ్డలో మూటగట్టి 24–36 గంటలు ఉంచండి. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళు చిలకరించాలి. మొలక అర సెంటీమీటరు వచ్చాక నీడలో బాగా ఆరబెట్టి, సన్నసెగ మీద కొద్దిగా వేయించి పిండి పట్టించండి. మొలకెత్తేటప్పుడు గింజలోనే పుట్టే ఫైటేజ్ ఎంజైము ఫైటేటును విరగ్గొడుతుంది. మూటలో జిగురు, పుల్లకంపు వస్తే ఆ గింజలు పారేయండి. వేసవిలో 24 గంటలు దాటనివ్వకపోతే ఈ బెడద తక్కువ.

ఒక మనిషికి 30 గ్రాముల పిండి (అందులో కాల్షియం సుమారు 110 మి.గ్రా.) చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న 250 మి.లీ. నీళ్ళలో పోసి, 5–7 నిమిషాలు ఉడికించి దించండి. తాగేంత వేడికి వచ్చాక 100 మి.లీ. పాలు పోసి, 5 గ్రాముల పెప్టైడ్ పొడి చల్లి గిలకొట్టండి. పొడి ముందే వేసి ఉడికిస్తే నురగ పొంగుతుంది, అంతకుమించి నష్టం లేదు.

పాలకూర, తోటకూరలతో?

వాటిలోని ఆక్సలేటు కాల్షియాన్ని గట్టిగా బంధిస్తుంది. పెప్టైడ్ల వదులు పట్టు దాని ముందు నిలవదు. కాల్షియం కోసం మునగాకు, మెంతికూర, పెరుగు చూసుకోండి.

కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర, ఈ పొడి అన్నీ ఒకేసారి వేసుకోవచ్చా?

కాల్షియం ఐరన్ దారికి అడ్డం వస్తుంది. వాటిని వేర్వేరు పూటలకు మార్చండి. పెప్టైడు రెండిట్లో దేనితోనైనా కలవొచ్చు. ఎసిడిటీకి ప్యాంటోప్రజోల్ లాంటి మాత్రలు చాలాకాలంగా వాడేవాళ్ళలో కార్బొనేటు రూపంలోని కాల్షియం సరిగా కరగదు. వాళ్ళు సిట్రేటు రూపం గురించి డాక్టరును అడగాలి. కాల్షియాన్ని పేగు లోపలికి లాగాలంటే విటమిన్ డి ఉండాలి. అది అడుగంటిన మనిషికి ఏ పెప్టైడూ ఆ లోటు తీర్చదు.

థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. ఎంత ఎడం ఉండాలి?

ఖనిజం కట్టిన పొడి అయితే నాలుగు గంటలు. కాల్షియం, ఐరన్ రెండూ లెవోథైరాక్సిన్‌ను పట్టకుండా చేస్తాయి. ఎముకలు గుల్లబారినందుకు అలెండ్రొనేట్ వేసుకునేవాళ్ళు దాన్ని పరగడుపున ఉత్త నీళ్ళతో మింగి, కనీసం అరగంట ఇంకేమీ తీసుకోకూడదు. ఈ పొడి కూడా.

## ఇబ్బందులు వస్తే

కడుపు ఉబ్బరం, నీచు వాసన వస్తున్నాయి. ఏం చేయాలి?

రెండు గ్రాములకు తగ్గించి, వారం తర్వాత మెల్లగా పెంచండి. కొద్దిగా వాసన సహజం. నిమ్మరసం పిండిన మజ్జిగలోనో, మిరియాల చారులోనో అది తెలియదు. కొత్త డబ్బా మూత తీయగానే గుప్పున కుళ్ళు వాసన కొడితే మాత్రం అది వాడకండి.

కిడ్నీలో రాళ్ళున్నాయి. వాడొచ్చా?

ఆక్సలేటు రాళ్ళయితే డాక్టరు చెప్పకుండా వద్దు. కొలాజెన్‌లో దండిగా ఉండే హైడ్రాక్సీప్రొలీన్ అనే అమైనో ఆమ్లంలో కొంత శరీరంలో ఆక్సలేటుగా మారుతుంది. 30 గ్రాముల జెలటిన్ తిన్నవాళ్ళ మూత్రంలో ఆక్సలేటు పెరిగిందని 2006లో చూపించారు. 5 గ్రాములు దానికి ఆరో వంతే అయినా, రోజూ తీసుకునే వస్తువు కదా. కిడ్నీల పనితీరు తగ్గినవాళ్ళు ప్రొటీన్ పొడి ఏదైనా సొంతంగా మొదలుపెట్టకూడదు.

రొయ్యలు పడవు. ఇది పడుతుందా?

రొయ్యల ఎలర్జీ, చేప ఎలర్జీ వేర్వేరు ప్రొటీన్ల వల్ల వస్తాయి. రొయ్యలు పడనివాళ్ళందరికీ చేప పడకూడదని లేదు. అయితే రెండూ ఒకే యూనిట్లో శుద్ధి చేసే అవకాశం ఉంది, లేబుల్ చదవండి. చేపే పడనివాళ్ళు ఈ పొడి జోలికి వెళ్ళకూడదు.

థలసీమియా ఉంది, రక్తం తక్కువగా ఉంటుంది. ఐరన్ కట్టిన పెప్టైడు మంచిదేనా?

వద్దు. థలసీమియాలో రక్తం తక్కువైనా ఐరన్ తరచు ఎక్కువే ఉంటుంది, అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఐరన్ ఏ రూపంలోనూ తీసుకోకూడదు.

గర్భిణులు, పిల్లలు?

గర్భిణులకు రాసిచ్చే ఐరన్, కాల్షియం మాత్రల బదులు ఇది వాడకూడదు. పిల్లలకు అవసరం లేదు.

పొడి గడ్డకట్టింది. పారేయాలా?

గాలిలో చెమ్మ పీల్చింది. పొడిగా నలిగి, వాసన మారకపోతే వాడుకోవచ్చు. జిగురుగా సాగినా, మచ్చలు కనబడినా పారేయండి. కోస్తా ఊళ్ళలో పెద్ద డబ్బా కొనకండి. ఆవిరి వస్తున్న గిన్నె మీద డబ్బా వంచి పోయడం వల్లే ఎక్కువగా పాడవుతుంది.

## ఫలితం చూసుకోవడం

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? రక్తంలో కాల్షియం పరీక్ష చేయించుకోనా?

ఆ పరీక్ష ఇందుకు పనికిరాదు. తిండిలో కాల్షియం తగ్గితే శరీరం ఎముకల నుంచి లాగి రక్తంలో మట్టం నిలబెడుతుంది. ఎముక కరుగుతున్నా రిపోర్టులో నార్మల్ అనే వస్తుంది. ఎముకకు డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) చూడాలి, అదీ ఏడాదికి ముందు తీస్తే తేడా తెలియదు.

ఐరన్‌కు హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ చేయించుకోండి. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కంటే, మగవాళ్ళలో 13 కంటే తక్కువైతే రక్తహీనత. జ్వరం, ఏదైనా వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనబడుతుంది, అవి తగ్గాక చేయించుకోవాలి. మూడు నెలలు వాడినా కదలిక లేకపోతే పొడి మార్చడం కాదు చేయాల్సింది. నెలసరిలో అధిక రక్తస్రావమా, కొంకి పురుగులా, మొలల నుంచి రక్తం పోతోందా అని డాక్టరుతో చూపించుకోవాలి.

ఇంత డబ్బు పెట్టలేం. ఇంకో దారి ఉందా?

ఉంది, చిన్న చేపలు. ముళ్ళతో సహా నమిలి తినే చిన్న చేపల నుంచి కాల్షియం సుమారు 24 శాతం, పాల నుంచి 22 శాతం ఒంటికి పట్టిందని 1998లో వెలువడిన అధ్యయనం చెప్పింది. పోషకాహారంలో చిన్న చేపల విలువను చాటిన ఆ పరిశోధకుల్లో ఒకరైన శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ముల్లులో కాల్షియం, కొలాజెన్, పక్కనే కండ, అన్నీ ఒకే ముద్దలో వస్తాయి.

నెత్తళ్ళు, చేదుపరిగెలు తల, ముల్లు తీసేయకుండా వండుకోండి. పరిగెలకు పొట్ట పిండి పైత్యం తీయాలి, లేకపోతే కూరంతా చేదు. ఎండు నెత్తళ్ళయితే మనిషికి 15–20 గ్రాములు చాలు. ముందు పొడిగా వేయించి ఇసుక దులిపి, గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, ఆ ఉప్పునీళ్ళు పారబోసి, మరో రెండుసార్లు కడగండి. బీపీ ఉన్నవాళ్ళు ఎండువి మాని పచ్చి చేపలే తెచ్చుకోవాలి. టమాటాతోనో, పచ్చిమామిడితోనో ఇగురు పెట్టి, ముల్లు మెత్తబడేదాకా మూతపెట్టి సన్నసెగ మీద ఉంచండి.